మొదటి డెస్క్‌గా షార్ట్ ఎండ్ తీసుకోమని ఎందుకంటానంటే

బ్యాంకు ట్రేడింగ్ గ్రాడ్యుయేట్ ప్రోగ్రామ్‌లో రొటేషన్లు (ఒక్కో డెస్క్‌లో, అంటే ఒక్కో మార్కెట్ చూసే టీమ్‌లో, కొన్నాళ్ళు పనిచేయడం) అయిపోవస్తున్నాయంటే చాలు, జూనియర్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న, "అన్నా, ఏ డెస్క్ తీసుకోమంటారు, ఎక్కడైతే ఎక్కువ నేర్చుకోవచ్చు" అని. డబ్బులు ఎక్కడ ఎక్కువ వస్తాయని అడిగేవాళ్ళూ ఉంటారు, ఈ పోస్టు వాళ్ళ కోసం కాదు. మొదటి రెండు మూడేళ్ళలో బోనస్ ఎంతొచ్చింది అన్నది తర్వాత ఎవరికీ పెద్దగా గుర్తుండదు, కానీ ఆ రెండు మూడేళ్ళు ఏ డెస్క్ మీద కూర్చున్నారన్నది మాత్రం ఆ మనిషి మార్కెట్‌ని చూసే తీరులో ఎప్పటికీ కనిపిస్తూనే ఉంటుంది. క్రెడిట్‌లో (కంపెనీల అప్పుల మార్కెట్) పెరిగినవాళ్ళు ఏ ట్రేడ్ చూసినా ముందు "ఇందులో డబ్బు తిరిగి ఇవ్వాల్సింది ఎవరు" అని చూస్తారు, ఆప్షన్స్‌లో (ముందే కుదిరిన ధరకి కొనే లేదా అమ్మే హక్కులు) పెరిగినవాళ్ళు "ఇది ఎంత కదలొచ్చు" అని చూస్తారు, ఈక్విటీస్‌లో (షేర్లు) పెరిగినవాళ్ళు "కథేంటి" అంటారు.

నా జవాబు ముందే చెప్పేస్తా, ఛాయిస్ మీ చేతిలో ఉంటే షార్ట్ ఎండ్ డెస్క్ తీసుకోండి. అంటే ఎఫ్ఎక్స్ స్వాప్స్ (కరెన్సీ ఇవాళ మార్చుకుని తర్వాత తిరగేయడం), రెపో (బాండ్ తాకట్టు మీద అప్పు), ఓఐఎస్ (ఓవర్‌నైట్ వడ్డీ రేటు మీద స్వాప్), షార్ట్ రేట్ ఫ్యూచర్స్ (తక్కువ కాలపు వడ్డీ మీద ఫ్యూచర్లు) ఇవన్నీ ఉండే చోటు. కొన్ని బ్యాంకుల్లో దీన్ని స్టిర్ (షార్ట్ టర్మ్ ఇంట్రెస్ట్ రేట్) డెస్క్ అంటారు, కొన్నిచోట్ల ఎఫ్ఎక్స్ ఫార్వర్డ్స్ అంటారు, కొన్నిచోట్ల మనీ మార్కెట్స్ అని పేరు పెట్టి ట్రెజరీ పక్కన కూర్చోబెడతారు. పేరేదైనా చేసే పని ఒకటే, రేపటి నుంచి ఒకటి రెండేళ్ళ దాకా ఏ కరెన్సీలో డబ్బు ధర ఎంత అన్నది రోజంతా తేల్చడం. నేను మొదలైంది ఇక్కడే, ఆ తర్వాత వేరే డెస్కులకి మారాను, మారిన ప్రతిచోటా ఇక్కడ నేర్చుకున్నదే ముందు పనికొచ్చింది కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

అసలు "ఎక్కువ నేర్చుకోవడం" అంటే ఏంటో ముందు తేల్చుకోవాలి, ఎందుకంటే దీంట్లోనే చాలామంది పొరబడుతున్నారు. ఎన్ని ప్రోడక్ట్స్ ట్రేడ్ అవుతున్నాయో లెక్కపెట్టి అదే విస్తృతి అనుకుంటారు. క్రాస్ అసెట్ అని పేరున్న సీటు దొరికితే ఎగిరి గంతేస్తారు, అక్కడ బాండ్లూ కరెన్సీలూ షేర్లూ ఆయిలూ అన్నీ స్క్రీన్ మీద కనిపిస్తాయి నిజమే, కానీ రిస్క్ ఎవరి బుక్‌లోనో (ట్రేడర్ చేతిలో ఉన్న పొజిషన్ల లెక్కలో) ఉంటుంది, మీరు మధ్యలో ధర అడిగి ధర చెప్పే మనిషి, అన్నిటి పేర్లూ వస్తాయి, ఒక్కదానికీ "ఇవాళ ఇది ఎందుకు ఇంత కదిలింది" అంటే జవాబు రాదు. ఎక్సోటిక్స్ (సంక్లిష్టమైన డెరివేటివ్స్) డెస్క్‌ది ఇంకో రకం. లెక్కలు బ్రహ్మాండంగా ఉంటాయి, ఒకే ట్రేడ్‌లో మూడు అసెట్లు కలిసి ఉంటాయి, కానీ మీరు రోజంతా మోడల్‌తో మాట్లాడతారు, ఆ ట్రేడ్ పదేళ్ళు బుక్‌లో ఉంటుంది, మీరు పెట్టిన ధర సరైనదో కాదో తెలిసేసరికి మీరు ఆ డెస్క్ మీదే ఉండరు. లెక్క బాగా వచ్చినవాళ్ళకి అది మంచి చోటే, మొదటి చోటు మాత్రం కాదు.

నా దృష్టిలో చూడాల్సినవి మూడు. ధర కదలడానికి ఎన్ని రకాల కారణాలు ఉన్నాయి, ఫోన్ చేసేది ఎన్ని రకాల మనుషులు, మీరు అనుకున్నది తప్పో ఒప్పో ఎంత త్వరగా తెలుస్తుంది. మూడోది అందరూ వదిలేస్తారు, నేర్చుకోవడానికి అదే ముఖ్యం.

ఈ మూడూ పట్టుకుని డెస్కులన్నీ ఒకసారి చూద్దాం. ఎఫ్ఎక్స్ స్పాట్‌లో (కరెన్సీల తక్షణ మారకం) తప్పొప్పులు సెకన్లలో తెలిసిపోతాయి, కానీ ఇప్పుడు అక్కడ ఎక్కువ భాగం మిషన్లే చేస్తున్నాయి, మనిషి చేసేది పెద్ద ఆర్డర్లు, ఇబ్బంది పెట్టే కరెన్సీలు, ఇంకా 2015 జనవరి 15న స్విస్ సెంట్రల్ బ్యాంక్ యూరో ధర 1.20 ఫ్రాంకుల కిందికి పోనివ్వననే కట్టుబాటు ఒక్కసారిగా వదిలేసినప్పటి లాంటి రోజులు. కోడింగ్ ఇష్టమైనవాళ్ళు అల్గో టీమ్‌కి వెళ్తే అది వేరే విషయం, అది ఒక మంచి వృత్తే. క్యాష్ ఈక్విటీస్‌ది (మామూలు షేర్ల కొనుగోలు అమ్మకాలు) కూడా దాదాపు ఇదే పరిస్థితి.

క్రెడిట్ చాలా లోతైనది, అక్కడ బాండ్ డాక్యుమెంట్ చదవడం వస్తుంది, కంపెనీ బ్యాలెన్స్ షీట్ చదవడం వస్తుంది, అప్పులవాళ్ళలో ఎవరు ముందు ఎవరు వెనక అన్నది వస్తుంది, ఇవి వేరే ఎక్కడా ఇంత బాగా రావు. కాకపోతే కొన్ని బాండ్లు రోజుల తరబడి ట్రేడే కావు, మీరు అనుకున్న ధర నిజమో కాదో చెప్పడానికి ఎవరో ఒకరు కొనాలి లేదా అమ్మాలి, ఆ ఎదురుచూపులో జూనియర్ నేర్చుకునే వేగం తగ్గుతుంది. కమోడిటీస్ అయితే నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే మార్కెట్. 2020 ఏప్రిల్ 20న మే నెల డబ్ల్యూటీఐ (అమెరికా రకం) క్రూడ్ ఫ్యూచర్ మైనస్ 37.63 డాలర్ల దగ్గర సెటిల్ అయింది, ఎందుకంటే కాంట్రాక్ట్ ముగిసేలోపు అమ్ముకోలేనివాళ్ళు ఓక్లహోమాలోని కుషింగ్‌లో నిజంగా ఆయిల్ తీసుకోవాలి, దాచడానికి అక్కడ ట్యాంకుల్లో ఖాళీ లేదు. ధర అనేది స్క్రీన్ మీద నంబర్ కాదు, సరుకు ఎక్కడుంది ఎవరు మోస్తారు అన్నదే ధర అని అంత బాగా చెప్పే మార్కెట్ ఇంకోటి లేదు. కానీ ఒకసారి అందులోకి వెళ్తే అందులోనే ఉండిపోతారు, ఆ జ్ఞానం పక్క డెస్క్‌కి అంత తేలిగ్గా మారదు.

ఆప్షన్స్ డెస్క్ గురించి కింద మళ్ళీ వస్తా, అది నా రెండో ఛాయిస్.

ఇప్పుడు షార్ట్ ఎండ్. ముందు ఒక మామూలు ట్రేడ్ చూడండి. ఒక క్లయింట్ దగ్గర యూరోలు ఉన్నాయి, ఏడాది పాటు డాలర్లు కావాలి, యూరోలు వదులుకోవడం ఇష్టం లేదు. ఇవాళ యూరోలు ఇచ్చి డాలర్లు తీసుకుంటాడు, ఏడాది తర్వాత తిరగేస్తాడు, ఇదే ఎఫ్ఎక్స్ స్వాప్. స్పాట్, అంటే ఇవాళ్టి ధర, యూరోకి 1.10 డాలర్లు అనుకోండి, డాలర్ వడ్డీ 5 శాతం, యూరో వడ్డీ 3 శాతం. అప్పుడు ఏడాది ఫార్వర్డ్ (ఏడాది తర్వాతి మారకానికి ఇవాళే కుదిరే ధర) 1.10ని 1.05తో గుణించి 1.03తో భాగిస్తే వచ్చేది, దాదాపు 1.1214. ఇందులో జోస్యం ఏమీ లేదు, యూరో పెరుగుతుందని ఎవరూ అనట్లేదు, కేవలం రెండు వడ్డీల తేడా అంతే. పుస్తకంలో పాఠం ఇక్కడ అయిపోతుంది. డెస్క్ మీద పాఠం ఇక్కడే మొదలవుతుంది, ఎందుకంటే మార్కెట్‌లో ఆ ఫార్వర్డ్ 1.1214 దగ్గర ఉండదు, కొంచెం పక్కన ఉంటుంది, ఆ పక్కన ఉన్న ముక్కనే బేసిస్ అంటారు. 2008కి ముందు ఈ ముక్క దాదాపు సున్నా, ఆ తర్వాత చాలా కరెన్సీల్లో అది పోనే పోలేదు. ఎందుకుంది, ఎందుకు పోవట్లేదు అని తవ్వుకుంటూ వెళ్తే బ్యాంకుల క్యాపిటల్ రూల్స్, బ్యాలెన్స్ షీట్ సైజ్, డాలర్లు ఎవరి దగ్గర ఉన్నాయి ఎవరికి కావాలి, విదేశీ బాండ్లు కొన్న ఇన్సూరెన్స్ కంపెనీలు ఎలా హెడ్జ్ చేసుకుంటాయి (రిస్క్ తగ్గించుకుంటాయి), అన్నీ ఒక్కొక్కటిగా బయటికొస్తాయి. ఒక్క చిన్న నంబర్‌లో ఇన్ని ఉంటాయని బయటినుంచి చూస్తే తెలీదు.

ఇంకా దగ్గరగా చూడాలంటే సెప్టెంబర్ ఆఖరి రోజుల్లో మూడు నెలల స్వాప్ చూడండి. నిన్నటిదాకా ఆ స్వాప్ డిసెంబర్‌లోనే ముగిసేది, ఇవాళ్టి నుంచి జనవరిలోకి దాటుతుంది, మధ్యలో డిసెంబర్ 31 రాత్రి ఉంది. ఆ రాత్రి చాలా బ్యాంకులు తమ బ్యాలెన్స్ షీట్ చిన్నగా చూపించాలనుకుంటాయి, రిపోర్టింగ్ ఆ తేదీ మీదే కాబట్టి. అప్పు ఇచ్చేవాళ్ళు వెనక్కి తగ్గుతారు, ఆ ఒక్క రాత్రికి డాలర్ల ధర ఎగురుతుంది, ఆ ఒక్క రాత్రి ధర మొత్తం మూడు నెలల స్వాప్‌లో కలిసిపోయి స్క్రీన్ మీద ఒక్కరోజులో గంతు కనిపిస్తుంది. దీన్నే టర్న్ అంటారు. వార్తేమీ లేదు, సెంట్రల్ బ్యాంక్ ఏమీ అనలేదు, ధర మాత్రం మారింది. దీన్ని మొదటిసారి చూసిన జూనియర్ స్క్రీన్ పాడైందనుకుంటాడు, మా డెస్క్ మీద పెద్దాయన ఒకరు అలాంటప్పుడు జవాబు చెప్పేవారు కాదు, క్యాలెండర్ చేతిలో పెట్టి "తేదీలు రాసుకో, నువ్వే చెప్తావ్" అనేవారు. రాసుకుంటే నిజంగానే తెలిసిపోయేది. ఏ ఫైనాన్స్ కోర్సులో ఎంత లోతుగా చదివినా సెటిల్‌మెంట్ తేదీలు ఇంత ముఖ్యమని ఎవరూ చెప్పరు.

ఈ మార్కెట్ చిన్నదేం కాదు. బీఐఎస్ (సెంట్రల్ బ్యాంకుల అంతర్జాతీయ బ్యాంకు) మూడేళ్ళకోసారి చేసే సర్వేలో 2022 ఏప్రిల్‌లో ఎఫ్ఎక్స్ మార్కెట్ మొత్తం రోజుకి 7.5 ట్రిలియన్ డాలర్లు అయితే అందులో ఎఫ్ఎక్స్ స్వాప్సే 3.8 ట్రిలియన్లు, అందరికీ తెలిసిన స్పాట్ 2.1 ట్రిలియన్లే. 2025 ఏప్రిల్ సర్వేలో మొత్తం 9.6 ట్రిలియన్లకి పెరిగింది, అప్పుడూ స్వాప్సే మొదటి స్థానం. అయినా సినిమాల్లో, ఇంటర్వ్యూల్లో ఎవరూ ఈ డెస్క్ గురించి మాట్లాడరు, అందుకే సీటు దొరకడం కూడా కొంచెం తేలిక.

రెండో సంగతి, ఫోన్ చేసే మనుషులు. ఈ డెస్క్‌కి అందరూ వస్తారు. ఎగుమతి చేసే కంపెనీ ట్రెజరర్ వస్తాడు, హెడ్జ్ ఫండ్ వస్తుంది, పెన్షన్ ఫండ్ వస్తుంది, సెంట్రల్ బ్యాంక్ రిజర్వ్ మేనేజర్లు వస్తారు, బ్యాంకులోనే పక్క డెస్కులన్నీ వస్తాయి, ఎందుకంటే బాండ్ కొన్న ట్రేడర్‌కి ఆ బాండ్ ఫండ్ చేసుకోవాలి, షార్ట్ కొట్టిన ట్రేడర్‌కి ఆ బాండ్ అప్పు తెచ్చుకోవాలి, వేరే కరెన్సీలో లాభం వచ్చినవాడికి దాన్ని మార్చుకోవాలి. క్రెడిట్ వాళ్ళు ఇవాళ ఏం మోస్తున్నారో, ఈక్విటీ వాళ్ళ దగ్గర ఎంత నిలవ ఉందో, మధ్యాహ్నానికల్లా మీకు తెలిసిపోతుంది, వాళ్ళని అడక్కుండానే. కూర్చున్న చోటు నుంచి బిల్డింగ్ మొత్తం కనిపించే సీటు ఇంకోటి లేదు.

సెంట్రల్ బ్యాంక్ మీటింగులు కూడా ఇక్కడే అర్థమవుతాయి. ఇప్పుడు ఓవర్‌నైట్ (ఒక్క రాత్రి అప్పు) రేటు 4.00 శాతం అనుకోండి, మీటింగ్ తర్వాత మొదలయ్యే ఓఐఎస్ 4.15 దగ్గర ట్రేడ్ అవుతోంది, అంటే పావు శాతం పెంపుకి మార్కెట్ 60 శాతం అవకాశం ఇస్తోంది. ఆరు వారాల తర్వాత పెంచారో లేదో తెలిసిపోతుంది, మీరు ఏమనుకున్నారు ఎందుకనుకున్నారు అన్నది నోట్‌బుక్‌లో ఉంటే ఏడాదిలో ఎనిమిది సార్లు మీకు మీరే పేపర్ దిద్దుకోవచ్చు, అదీ ఒక్క కరెన్సీకే. నేను చెప్పిన మూడో సంగతి ఇదే. పదేళ్ళ క్రెడిట్ అభిప్రాయం మీద ఇలా దిద్దుకోవడం కుదరదు.

ఇక పెద్ద గొడవలు జరిగినప్పుడు చూడండి, మొదటి చప్పుడు ఎప్పుడూ ఇక్కడే వినిపిస్తుంది. 2007 ఆగస్టుకి ముందు మూడు నెలల డాలర్ లైబోర్‌కీ (బ్యాంకులు ఒకదానికొకటి అప్పిచ్చే రేటు) ఓఐఎస్‌కీ మధ్య తేడా దాదాపు 10 బేసిస్ పాయింట్లు (ఒక్కోటి శాతంలో వందో వంతు), 2008 అక్టోబర్‌లో అది 360 దాటింది, బ్యాంకులు ఒకదాన్నొకటి నమ్మట్లేదు అన్న సంగతి ఇంతకన్నా సూటిగా ఏ నంబరూ చెప్పలేదు. 2019 సెప్టెంబర్ 17న ఫెడ్ (అమెరికా సెంట్రల్ బ్యాంక్) టార్గెట్ 2 నుంచి 2.25 శాతం మధ్య ఉంటే సోఫర్ (ట్రెజరీ బాండ్లు, అంటే అమెరికా ప్రభుత్వ బాండ్లు, తాకట్టు పెట్టి తెచ్చే ఓవర్‌నైట్ అప్పు రేటు) 5.25 దగ్గర ముగిసింది. ముందు రోజు కంపెనీలు పన్నులు కట్టాయి, అదే రోజు కొత్త ట్రెజరీ బాండ్లకి డబ్బు కట్టాలి, బ్యాంకుల దగ్గర రిజర్వులు అప్పటికే తగ్గిపోయి ఉన్నాయి, మూడూ ఒకచోట పడ్డాయి. ఎక్కడా ఎవరూ దివాళా తీయలేదు, పేపర్లో పెద్ద వార్తేమీ లేదు, సిస్టమ్‌లో డబ్బు ఇటు నుంచి అటు పారడానికి దారి ఇరుకైంది అంతే, న్యూయార్క్ ఫెడ్ ఆ ఉదయమే వచ్చి డబ్బు పోయాల్సి వచ్చింది. 2022 సెప్టెంబర్‌లో బ్రిటన్‌లో 23న మినీ బడ్జెట్ వచ్చాక గిల్ట్ (బ్రిటన్ ప్రభుత్వ బాండ్) ఈల్డ్స్ ఎగిరితే, పెన్షన్ ఫండ్లు మార్జిన్ (నష్టానికి హామీగా కట్టే డబ్బు) కట్టడానికి గిల్ట్సే అమ్మాయి, అమ్మేకొద్దీ ధర పడింది, పడేకొద్దీ ఇంకా మార్జిన్ అడిగారు, 28న బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ కొనడానికి దిగాల్సి వచ్చింది. దీన్ని బయటివాళ్ళు బడ్జెట్ కథగా చదివారు. రెపో, కొలాటరల్ (తాకట్టు) తెలిసినవాళ్ళు మాత్రం మార్జిన్ కథగా చదివారు, తర్వాత ఏం జరగబోతోందో వాళ్ళకే ముందు తట్టింది.

లైబోర్ పోయి సోఫర్ వచ్చినప్పుడు కూడా అంతే. డాలర్ లైబోర్ ప్యానెల్ (ఆ రేటు కోసం అంచనాలు చెప్పే బ్యాంకులు) 2023 జూన్ 30తో ముగిసింది, దానికి ముందు కొన్నేళ్ళ పాటు ప్రతి డెస్క్ తన పాత లైబోర్ కాంట్రాక్టులు తిరగరాసుకోవాల్సి వచ్చింది, డిస్కౌంటింగ్ (రేపటి డబ్బుకి ఇవాళ్టి విలువ కట్టడం) అంటే ఏంటో నిజంగా తెలిసినవాళ్ళు ఎంతమందో అప్పుడు తేలిపోయింది. తెలిసినవాళ్ళలో ఎక్కువమంది షార్ట్ ఎండ్ నుంచి వచ్చినవాళ్ళే.

ఇంత చెప్పాక ఒక మాట ఒప్పుకోవాలి, ఈ డెస్క్ నిద్రపోయే కాలాలు ఉంటాయి. ఫెడ్ 2008 డిసెంబర్ నుంచి 2015 డిసెంబర్ దాకా రేటు సున్నా దగ్గరే ఉంచింది, ఆ ఏడేళ్ళు డాలర్ షార్ట్ ఎండ్‌లో మీటింగ్ ట్రేడ్ చేద్దామన్నా చేయడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. కానీ అదే సమయంలో యూరో సంక్షోభంలో డాలర్ బేసిస్ బాగా పెరిగిపోయింది, 2014 జూన్‌లో ఈసీబీ (యూరో సెంట్రల్ బ్యాంక్) డిపాజిట్ రేటు సున్నా కిందికి వెళ్ళింది, అప్పు ఇచ్చినవాడే ఎదురు వడ్డీ కట్టే లోకం ఎలా ఉంటుందో అక్కడ కూర్చున్నవాళ్ళు చూశారు. రేటు కదలనప్పుడు ఫండింగ్ కదులుతుంది, ఫండింగ్ కూడా కదలకపోతే నిజంగానే బోర్, అప్పుడు మాత్రం పక్క డెస్క్ చూసుకోండి.

ఇంకో లోటు కూడా ఉంది, ఇక్కడ ఆప్షనాలిటీ పెద్దగా రాదు. అందుకే రెండో డెస్క్‌గా ఎఫ్ఎక్స్ ఆప్షన్స్ గానీ ఈక్విటీ డెరివేటివ్స్ గానీ తీసుకోమంటా. అక్కడ గామా (ధర కదిలేకొద్దీ ఆప్షన్ స్పందన మారే తీరు), థీటా (రోజు గడిచేకొద్దీ ఆప్షన్ విలువ తగ్గడం) రోజూ చేతికి తగులుతాయి. 16 శాతం వొలటిలిటీకి (ఏడాదికి అంచనా వేసిన కదలిక) ఆప్షన్ కొన్నారంటే మార్కెట్ రోజుకి సుమారు ఒక శాతం కదిలితేనే మీ డబ్బు మీకు వస్తుంది, ఏడాదిలో ట్రేడింగ్ రోజుల వర్గమూలం దాదాపు 16 కాబట్టి, ఈ ఒక్క లెక్క బుర్రలో ఉంటే స్క్రీన్ చూడకుండానే ఆప్షన్ చవకో ఖరీదో సగం తెలుస్తుంది. 1987 అక్టోబర్ 19న డౌ జోన్స్ ఒక్కరోజులో 22.6 శాతం పడ్డాక ఇండెక్స్ పుట్ ఆప్షన్లు (మార్కెట్ పడితే రక్షణ ఇచ్చేవి) మళ్ళీ మామూలు ధరకి రాలేదు, ఆ భయం ఇప్పటికీ ధరలో స్క్యూ (ఇలాంటి పుట్లు ఖరీదుగా ఉండటం) రూపంలో కూర్చుని ఉంది. మరి ఆప్షన్సే మొదట ఎందుకు కాదంటే, ఆప్షన్ ధర ఫార్వర్డ్ మీద నిలబడి ఉంటుంది, ఫార్వర్డ్ ఫండింగ్ మీద నిలబడి ఉంటుంది, కింద నుంచి పైకి వెళ్ళినవాళ్ళకి ఏదీ మాయలా అనిపించదు. పై నుంచి మొదలుపెట్టినవాళ్ళు కొందరు ఫార్వర్డ్ అనేది సిస్టమ్ ఇచ్చే నంబర్ అని ఏళ్ళ తరబడి అనుకుంటూ ఉంటారు, డివిడెండ్ మారినప్పుడో రెపో రేటు ఎగిరినప్పుడో కాళ్ళు చేతులు ఆడవు.

డెస్క్ పేరు ఎంత ముఖ్యమో ఆ డెస్క్ మీద మీకిచ్చే పని అంతకన్నా ముఖ్యం, ఇది రొటేషన్‌లో ఉన్నప్పుడే చూసుకోవాలి. నేనైతే ఒక్కటే చూడమంటా, రోజూ పీఎన్ఎల్ ఎక్స్‌ప్లెయిన్ (ఆ రోజు లాభనష్టం ఎందుకొచ్చిందో చెప్పే నోట్) ఎవరు రాస్తున్నారు అన్నది. జూనియర్ రాసి సీనియర్ చదువుతుంటే మంచి డెస్క్. మిడిల్ ఆఫీస్ (ట్రేడ్ల లెక్కలు చూసే విభాగం) నుంచి రెడీమేడ్‌గా వచ్చి ఎవరూ తెరవకపోతే ఆ డెస్క్ వద్దు, ఎంత పేరున్నదైనా సరే.

ఎక్స్‌ప్లెయిన్ ఎందుకంత ముఖ్యమో ఒక ఉదాహరణ. బుక్‌లో 100 మిలియన్ల పదేళ్ళ స్వాప్ (ఫిక్స్‌డ్ వడ్డీని మారే వడ్డీతో మార్చుకోవడం) అంత రిస్క్ ఉంది, అంటే ఒక బేసిస్ పాయింట్‌కి సుమారు 80,000 డాలర్లు. (షార్ట్ ఎండ్ వాళ్ళకి పోలిక కోసం, ఒక బిలియన్ మూడు నెలల ట్రేడ్‌కి 25,000 మాత్రమే, అందుకే అక్కడ సైజులు చూసి కొత్తవాళ్ళు బెదిరిపోతారు, బెదరక్కర్లేదు.) మనం ఫిక్స్‌డ్ కడుతున్నాం, అంటే రేటు పెరిగితే మనకి లాభం, పదేళ్ళ రేటు 3 బేసిస్ పాయింట్లు పెరిగింది, కాబట్టి 2,40,000 రావాలి. సిస్టమ్ 2,15,000 చూపిస్తోంది. ఆ 25,000 ఎక్కడికి పోయింది? "అదర్" అని ఒక లైన్ రాసి ఇంటికి వెళ్ళిపోవచ్చు, చాలామంది అదే చేస్తారు. కూర్చుని విడదీస్తే రిస్క్ మొత్తం పదేళ్ళ దగ్గర లేదని తెలుస్తుంది, 55,000 పదేళ్ళ దగ్గర, 25,000 ఏడేళ్ళ దగ్గర ఉంది, ఏడేళ్ళ రేటు 2 పాయింట్లే పెరిగింది. 55,000కి మూడు, 25,000కి రెండు, కూడితే సరిగ్గా 2,15,000. అంతే, కానీ ఇప్పుడు మీకు తెలిసింది ఏంటంటే మీ బుక్‌లో రేట్లు పెరుగుతాయన్న పందెం ఒక్కటే లేదు, కర్వ్ (వేర్వేరు కాలాల రేట్ల మధ్య తేడా) మీద కూడా ఒక పందెం ఉంది, దాన్ని కావాలని పెట్టారా లేక మిగిలిపోయిందా అని సీనియర్‌ని అడగొచ్చు. ఈ ఒక్క ప్రశ్న సరిగ్గా అడిగిన జూనియర్‌ని ఏ డెస్కూ వదులుకోదు. నాకు తెలిసి ట్రేడింగ్‌లో చదువు అంటే రోజూ ఈ 25,000 వెంట పడటమే, మిగతాదంతా దాని చుట్టూ వస్తుంది.

టీమ్ సైజ్ కూడా చూడండి. ఇరవై మంది ఉన్న పెద్ద డెస్క్‌లో మీకు ఒక మూల ఇస్తారు, ఆ మూలే మీ లోకం అయిపోతుంది. నలుగురు ఐదుగురు ఉన్న డెస్క్‌లో ఒకరు సెలవు పెడితే వాళ్ళ బుక్ మీరు చూడాలి, భయంగా ఉంటుంది కానీ అంత త్వరగా ఇంకెక్కడా రాదు. ఎమర్జింగ్ మార్కెట్స్ డెస్కులు తరచూ ఇలాగే ఉంటాయి, ఒకే మనిషి ఒక దేశపు కరెన్సీ, బాండ్, స్వాప్ అన్నీ చూస్తాడు, షార్ట్ ఎండ్ దొరక్కపోతే నేను చెప్పే మొదటి ప్రత్యామ్నాయం అదే.

డెస్క్ రిస్క్ ఉంచుకుంటుందా, వచ్చింది వచ్చినట్టు ఇంకొకరికి తోసేస్తుందా అన్నది కూడా చూడాలి. 2010 డాడ్ ఫ్రాంక్ చట్టం, అందులోని వోల్కర్ రూల్ తర్వాత అమెరికా బ్యాంకుల్లో సొంత పందేలు పోయాయి, క్లయింట్ కోసం ధర ఇచ్చి ఆ రిస్క్‌ని కొన్ని గంటలో రోజులో మోయడం మాత్రం ఉంది, నేర్చుకునేది ఆ మోసే సమయంలోనే. పక్క జూనియర్‌ని మొహమాటం లేకుండా "నిన్న డబ్బు ఎందుకొచ్చింది" అని అడగండి. "ఫ్లో బాగుంది" అని ఊరుకుంటే ఒక అర్థం. "క్లయింట్ రెండు వారాల స్వాప్ చేశాడు, మేం సగమే హెడ్జ్ చేశాం, సాయంత్రానికి అటువైపు అమ్మేవాళ్ళు వచ్చారు" అంటే ఇంకో అర్థం, రెండో రకం జవాబు వచ్చే చోటుకి వెళ్ళండి.

ప్రాప్ ఫర్మ్ (సొంత డబ్బుతో ట్రేడ్ చేసే కంపెనీ) ఆఫర్ ఉన్నవాళ్ళు ఈ లెక్క కొంచెం మార్చుకోవాలి. అక్కడ శిక్షణ గట్టిగా ఉంటుంది, మాక్ ట్రేడింగ్ పెట్టి మరీ నేర్పిస్తారు, తప్పొప్పులు వెంటనే తెలుస్తాయి, కానీ క్లయింట్లు ఉండరు, ఎవరు ఎందుకు కొంటున్నారు అన్నది స్క్రీన్ మీది నంబర్ల నుంచి ఊహించుకోవాల్సిందే. మనుషులు ఎందుకు ట్రేడ్ చేస్తారో తెలుసుకోవాలనుంటే బ్యాంక్, ధర ఎలా పుడుతుందో తెలుసుకోవాలనుంటే ఫర్మ్.

షార్ట్ ఎండ్ సీటు అసలే దొరకలేదనుకోండి, వేరే ఏ డెస్క్ మీద పడినా ఒక పని చేయొచ్చు. మీ డెస్క్ రోజూ ఎంత డబ్బు అప్పు తెచ్చుకుంటోంది, ఏ రేటుకి, ఎవరి దగ్గర, ఏ కొలాటరల్ పెట్టి అన్నది కనుక్కోండి. మీ సీనియర్‌కే సరిగ్గా తెలియకపోవచ్చు, అప్పుడు ఫండింగ్ డెస్క్ దగ్గరికి నడిచి వెళ్ళండి, పొద్దున్నే హడావుడిలో కాదు, మధ్యాహ్నం వాళ్ళ కటాఫ్ టైమ్ అయిపోయాక వెళ్ళండి, కూర్చోబెట్టి చెప్తారు, వాళ్ళని అడిగేవాళ్ళే తక్కువ. వెళ్ళేటప్పుడు మీ బుక్‌లో ఉన్న ఒక్క పొజిషన్ తీసుకెళ్ళి "దీన్ని ఈ క్వార్టర్ ఎండ్ దాటించడానికి ఎంత ఖర్చవుతుంది" అని అడగండి, వచ్చిన నంబర్ రాసుకోండి, క్వార్టర్ దాటాక నిజంగా ఎంతైందో మళ్ళీ వెళ్ళి కనుక్కోండి.